స్వగతం, జనాంతికం, విష్కంభం: స్టేజీ మీద వీటి తేడా ఎలా పట్టుకోవాలి?

కూకట్‌పల్లి కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను ఇంజినీరింగ్ చదివి ఐటీలో పనిచేస్తున్నాను, సాహిత్యం అంటే ఇంటర్‌లో చదివిన తెలుగు వాచకమే. ఈమధ్య శని, ఆదివారాలు ఒక నాటక బృందంతో తిరుగుతున్నాను. కృష్ణ రాయబారం సీను రిహార్సల్ జరుగుతోంది, నాది చిన్న వేషమే. మా డైరెక్టర్ గారు పాతకాలం మనిషి. "ఇది జనాంతికం బాబూ, అంత ప్రకాశంగా చెప్పేస్తే ఎలా" అంటారు, "ఇక్కడ విష్కంభం లాంటిది ఒకటి పడాలి" అంటారు. అందరూ తల ఊపుతారు, నేనూ ఊపుతాను. అడిగితే "పుస్తకం చదువుకో" అని కసురుతారేమోనని టెన్షన్.

పుస్తకం కూడా తెచ్చాను, కానీ అందులో ఒక పేరుకి అర్థం చెప్పడానికి ఇంకో మూడు పేర్లు వాడారు. నన్ను నిజంగా తికమక పెట్టేది ఇదీ. కృష్ణుడు దుర్యోధనుడితో చెప్పే పద్యాన్ని మేం ప్రేక్షకుల వైపు తిరిగి, మైకు ముందు నిలబడి పాడతాం. దుర్యోధనుడు పక్కన సింహాసనం మీద ఉంటాడు, ఆయన మొహం కూడా చూడం. మరి అది స్వగతం ఎందుకు కాదు? ఇంకొకటి, ఇంగ్లిష్ నాటకాల్లో సాలిలక్వీ, అసైడ్ అంటారు కదా, అవీ ఇవీ ఒకటేనా? షేక్‌స్పియర్‌వి కూడా పద్య నాటకాలే అంటారు, కానీ వాళ్లు రాగం తీయరు కదా. కాస్త మామూలు భాషలో ఎవరైనా చెప్పండి.

చిక్కడపల్లి శ్రోత:

మంచి ప్రశ్న వేశారండీ. గానసభలో ముప్పై ఏళ్లుగా నాటకాలు చూస్తున్నవాళ్లకి కూడా ఈ గందరగోళం ఉంటుంది, బయటికి చెప్పరంతే.

ముందు ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. ఏ మాట వచ్చినా ఒక్కటే అడగండి: ఈ మాట స్టేజీ మీద ఉన్నవాళ్లలో ఎవరికి వినపడినట్టు లెక్క? నటుడు ఎటు తిరిగాడు, ఎంత గట్టిగా అన్నాడు అన్నది దీనికి సంబంధం లేదు. ఇది నా సొంత కవిత్వం కాదు. 10వ శతాబ్దంలో ధనంజయుడు దశరూపకం అనే నాటక శాస్త్ర పుస్తకంలో సంభాషణని ఇలాగే విడదీశాడు, అందరూ వినదగింది, ఎవరూ వినకూడనిది, కొందరే వినదగింది అని.

అందరూ వినేది ప్రకాశం. మామూలు డైలాగు అంతా ఇదే. ఎవరూ విననిది స్వగతం, మన అచ్చు నాటకాల్లో బ్రాకెట్లో "తనలో" అని వేస్తారే అది. ఆ వెంటనే "ప్రకాశముగా" అని కనిపిస్తే మళ్లీ అందరికీ వినపడేలా మాట్లాడుతున్నాడని గుర్తు. మూడో రకం ఉంది చూశారూ, కొందరే వినేది, అసలు చిక్కంతా దాంతోనే. అందులో జనాంతికం, అపవారితం అని రెండు. స్టేజీ మీద నలుగురుండగా ఇద్దరు మాత్రం తమలో తాము మాట్లాడుకుంటే జనాంతికం. దీనికి చెయ్యి గుర్తు కూడా ఉంది, త్రిపతాక. అంటే ఉంగరం వేలు మడిచి మిగతా వేళ్లు నిలబెట్టి ఆ చేతిని మిగతా పాత్రలకి అడ్డంగా పెట్టడం. ఆ చెయ్యి లేచిందంటే అవతలివాళ్లకి వినపడదని ప్రేక్షకుడు ఒప్పుకున్నట్టే. అపవారితం అంటే పక్కకి తిరిగి ఒకరికి రహస్యం చెప్పడం. మీ డైరెక్టర్ గారు "జనాంతికం బాబూ" అన్నారంటే బహుశా మీరు పక్క పాత్రతో అనాల్సిన మాటని సభ మొత్తానికీ చాటేస్తున్నారు.

ఇవి కాక ఇంకో తమాషా ఉంది. సంస్కృత నాటకాల్లో కొన్నిచోట్ల "చెవిలో, ఇలా ఇలా" అని మాత్రమే ఉంటుంది. ఆ మాట ప్రేక్షకుడికి కూడా వినపడదు! అప్పటికే మనకి తెలిసిన సంగతి అయితే మళ్లీ చెప్పించడం ఎందుకని, లేదా తర్వాత తెలిస్తేనే బాగుంటుందని.

ఇప్పుడు మీ కృష్ణుడి పద్యం. "చెల్లియొ చెల్లకో" తీసుకోండి, దాని చివర "కౌరవేశ్వరా" అని పిలుపే ఉంది. ఎదురుగా ఉన్నవాడిని పేరు పెట్టి పిలిచి, సంధి చేస్తావా యుద్ధం చేస్తావా తేల్చి చెప్పమంటున్నాడు. దుర్యోధనుడు విన్నాడు, భీష్ముడు విన్నాడు, సభ అంతా విన్నది. కాబట్టి నూటికి నూరు పాళ్లు ప్రకాశం. మైకు అక్కడుంది కాబట్టి అటు తిరిగారు, అంతే. అయితే దీని వల్ల సింహాసనం మీద ఉన్నాయన పని పెరుగుతుంది. పద్యం సాగినంతసేపూ ఆయన వింటున్నట్టు కనపడాలి. చాలామంది దుర్యోధనులు ఆ టైములో కండువా సర్దుకుంటూ, కింద ముందు వరసలో ఎవరొచ్చారా అని చూస్తూ ఉంటారు, అప్పుడు మీకే కాదు హాల్లో అందరికీ అది స్వగతంలాగే కనపడుతుంది.

బ్లాంక్‌వర్స్ అక్క:

శ్రోత గారు చెప్పిన పద్ధతి ఇంగ్లిష్ వైపు కూడా పనికొస్తుంది. డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తాను, ప్రతి ఏడాదీ ఈ ప్రశ్నే వస్తుంది.

సాలిలక్వీ అంటే స్టేజీ మీద పాత్ర ఒంటరిగా, లేదా ఒంటరిగా ఉన్నాననుకుంటూ, తన మనసులోది బయటికి అనడం. అసైడ్ అంటే మిగతావాళ్లు అక్కడే ఉండగా, వాళ్లకి వినపడకుండా ఒక ముక్క విసరడం. అది ప్రేక్షకులకి కావచ్చు, తనకి తనే కావచ్చు, పక్కన ఒక్కరికే కావచ్చు. మన స్వగతంలో సాలిలక్వీ వస్తుంది, తనలో తను అనుకునే అసైడూ వస్తుంది. పక్కవాడితో రహస్యంగా అనే అసైడ్ మాత్రం మన జనాంతికం, అపవారితం వైపు పోతుంది. అందుకే ఇదీ అదీ ఒకటేనని టేబుల్ గీసుకుని బట్టీ పట్టకండి, పరీక్షలో తప్పించి ఎక్కడా పనికిరాదు. మోనోలాగ్ అనేది ఇంకో సంగతి, ఒకరే చాలాసేపు మాట్లాడటం, ఎదురుగా వినేవాళ్లు ఉన్నా అది మోనోలాగే.

ఇక షేక్‌స్పియర్ సంగతి. ఆయన ఎక్కువగా వాడింది బ్లాంక్ వర్స్. లయ ఉంటుంది, అంత్యప్రాస ఉండదు. పాదానికి పది అక్షరాలు, ఒకటి తేలిగ్గా ఒకటి ఊనిక పెట్టి, అలా అయిదు జతలు. దీన్ని ఐయాంబిక్ పెంటామీటర్ అంటారు. మన ఛందస్సులో లెక్క అక్షరం పలికే కాలాన్ని బట్టి, లఘువు అయితే ఒక మాత్ర, గురువు అయితే రెండు. వాళ్ల లెక్క కాలం మీద కాదు, ఏ అక్షరం మీద గొంతు బరువు పడింది అన్నదాని మీద. కాబట్టి ఇంగ్లిష్ పాదానికి గురు లఘువులు వేయబోతే ఎక్కడో చోట పేచీ వస్తుంది.

పెద్ద తేడా ఇంకొకటి. అక్కడ పద్యం అంటే డైలాగే. "గుర్రం సిద్ధమా" అన్న మాట కూడా ఆ లయలో పడిపోతుంది, వచనంలా పలుకుతారు, పాడరు. ఒక పాదాన్ని ఇద్దరు పాత్రలు చెరి సగం పంచుకుని మాట్లాడుకోవడం కూడా ఉంటుంది. మన పద్య నాటకంలో మాటలు వచనంలో నడుస్తూ, భావం పొంగిన చోట పద్యం వస్తుంది, అది రాగంతో, హార్మోనియంతో వస్తుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి పోల్చడం వల్లే ఈ తికమక అని నా అభిప్రాయం.

ఎవరు పద్యంలో మాట్లాడాలి, ఎవరు వచనంలో మాట్లాడాలి అన్న చోట మాత్రం పోలిక కనపడుతుంది. షేక్‌స్పియర్‌లో రాజులకీ ప్రభువులకీ ఎక్కువగా పద్యం, సేవకులకీ హాస్యగాళ్లకీ, మతి తప్పినవాళ్లకీ ఎక్కువగా వచనం. సంస్కృత నాటకంలో రాజుకి సంస్కృతం, స్త్రీలకీ విదూషకుడికీ ఎక్కువగా ప్రాకృతం. మన వేదం వేంకటరాయశాస్త్రి 1897లో ప్రతాపరుద్రీయంలో కింది తరగతి పాత్రల చేత వాళ్ల వాడుక భాష మాట్లాడించి అప్పట్లో పెద్ద చర్చకే తెర తీశారు. పాత్రోచిత భాష అంటారు దాన్ని.

పాలమూరు పిలగాడు:

అక్కా బాగ చెప్పిన్రు. కోరస్ గురించి కూడా ఎవరైనా అడుగుతరేమో అని నేనే చెప్తున్నా. గ్రీకు నాటకంలో కోరస్ అంటే ఒక గుంపు, పాడుతూ ఆడుతూ కథ మీద తమ మాట చెప్తరు. సోఫోక్లీస్ అనే గ్రీకు నాటకకర్త వాళ్లని 15 మందికి పెంచిండని అంటరు. మన చిందు బాగోతంలో వెనక తాళం పట్టుకుని వంత పాడేటోళ్లు ఉంటరు కదా, వేషగాని మాట అందుకుని "అట్లనా? ఎవరు నువ్వు?" అని అడుగుతరు, మధ్యలో కథ ముందుకు తోస్తరు. పని దగ్గర దగ్గర ఒకటే. ఒక తేడా మాత్రం పెద్దది, గ్రీకు కోరస్‌కి కథలో చాలావరకు ఒక వేషం ఉంటది, ఊరి పెద్దలో, బందీలైన ఆడవాళ్లో. మన వంతగాళ్లు వంతగాళ్లే.

యక్షగానంలో, కూచిపూడిలో పాత్ర ప్రవేశ దరువు ఉంటది, పాత్ర వచ్చి తన గురించి తనే పాడుకోవడం. అది స్వగతం అనుకునేరు. కాదు. నేనెవరో మీకు చెప్తున్నా అని చెప్పడమే దాని పని.

సైనిక్‌పురి సందేహి:

ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు గచ్చిబౌలి, బంజారాహిల్స్ వైపు చిన్న హాళ్లలో వేసే నాటకాల్లో ఇవేవీ లేవు కదా. నటుడు నేరుగా ప్రేక్షకుల కళ్లలోకి చూసి మాట్లాడతాడు, కింద కూర్చున్నవాళ్లలోంచి లేచి వస్తాడు. త్రిపతాక, విష్కంభం అని పేర్లు నేర్చుకుని కొత్తగా నాటకం వేసేవాడికి ఒరిగేదేంటి? మన నాటకం జనానికి దూరమవ్వడానికి సగం కారణం ఈ పాండిత్యమే అంటాను.

చిక్కడపల్లి శ్రోత:

సందేహి గారూ, పేర్లు మర్చిపోయినా నష్టం లేదు, అందులో మీతో పేచీ పెట్టను. కానీ ఆ పేర్ల వెనక ఉన్న ఇబ్బందులు ఆ చిన్న హాల్లో కూడా ఉన్నాయి. విష్కంభమే తీసుకోండి. యుద్ధం, రాజ్యం పోవడం, చావు, పన్నెండేళ్ల వనవాసం, ఇలాంటివి అంకంలో నేరుగా చూపించకూడదని, లేదా చూపించడం కుదరదని ఒక నియమం. మరి ప్రేక్షకుడికి ఎలా తెలియాలి? ఇద్దరు మధ్యస్థాయి పాత్రలు వచ్చి, జరిగిందీ జరగబోయేదీ మాటల్లో చెప్పి వెళ్తే విష్కంభం. కింది స్థాయి పాత్రలే ప్రాకృతంలో చెప్తే ప్రవేశకం. విష్కంభం మొదటి అంకం ముందు కూడా రావచ్చు, ప్రవేశకం మాత్రం రెండు అంకాల మధ్యే. తెర వెనక నుంచి గొంతు వినిపించి సంగతి చెప్తే చూళిక. ఇంకా అంకాస్యం, అంకావతారం కలిపి మొత్తం అయిదు, వాటిని అర్థోపక్షేపకాలు అంటారు. (ఈ పేరు మాత్రం మర్చిపోయినా మీ డైరెక్టర్ గారు కూడా ఏమీ అనరు.)

ఇప్పుడు మీ గచ్చిబౌలి హాల్లో పదేళ్లు గడిచాయని ఎలా చెప్తారు? లైటు ఆర్పి వాయిస్ ఓవర్ వేస్తారు. అది చూళికే కదా! పనిమనిషి, వాచ్‌మన్ మాట్లాడుకుంటూ ఇంట్లో జరిగిన గొడవ మనకి చెప్పేస్తారు. అది ప్రవేశకమే. పేరు తెలిసి ఉంటే ఒక లాభం ఉంది: ఆ ఇద్దరూ ఎందుకు వచ్చారో తెలుస్తుంది, కాబట్టి కబురు చెప్పేశాక ఇంకా అయిదు నిమిషాలు జోకులు వేయించకుండా పంపేస్తారు. ఈ మధ్య చూసిన నాటకాల్లో సగం సాగతీత ఇక్కడే.

కూకట్‌పల్లి బాబూ, మీ డైరెక్టర్ గారు "విష్కంభం లాంటిది" అన్నారంటే, రాయబారం సీనుకి ముందు పాండవుల దగ్గర ఏం జరిగిందో తెలియనివాళ్ల కోసం ఎవరైనా ఇద్దరు వచ్చి చెప్పాలి అని ఆయన ఉద్దేశం అయి ఉంటుంది. ఒక్క సీనే విడిగా వేసేటప్పుడు అది చాలా అవసరం కూడా.

అలాగే మొదట్లో నాంది, ప్రస్తావన, చివర భరతవాక్యం. నాంది ప్రార్థన. ప్రస్తావనలో సూత్రధారుడు నటితోనో ఇంకొకరితోనో మాట్లాడుతూ కవి పేరు, నాటకం పేరు చెప్పి మెల్లగా కథలోకి దించుతాడు. భరతవాక్యం చివర లోకం బాగుండాలని చెప్పే మంగళం. మన పద్య నాటకాల్లో తెర లేవకముందు నటులంతా కలిసి "పరబ్రహ్మ పరమేశ్వర" అందుకుంటారు చూడండి, ఖమ్మం ప్రాంతానికి చెందిన చందాల కేశవదాసు రాసిన పాట. శాస్త్రం ప్రకారం దాన్ని నాంది అనొచ్చా లేదా అని పండితులు కొట్టుకోవచ్చు గానీ అది చేసే పని నాందిదే.

బ్లాంక్‌వర్స్ అక్క:

చావు చూపించకూడదన్న నియమం గురించి ఒక చిన్న చేర్పు. భాసుడి పేరు మీద ఉన్న సంస్కృత నాటకం ఊరుభంగంలో దుర్యోధనుడు తొడలు విరిగి ప్రేక్షకుల కళ్ల ముందే ప్రాణం వదులుతాడు. తిరువనంతపురంలో గణపతిశాస్త్రి 1912 నుంచి భాసుడి పేరు మీదున్న నాటకాలని అచ్చు వేశాక, సంస్కృతంలో విషాదం లేదన్న మాట అంత ధీమాగా అనడం కష్టమైంది. తెలుగులో అయితే బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు సారంగధర కథని విషాదాంతంగా రాసి ఆడించారు.

విషాదం అనగానే పిల్లలు హమార్షియా అంటే నాయకుడిలో ఉన్న చెడ్డ గుణం అని రాసేస్తారు. అరిస్టాటిల్ చెప్పింది నాయకుడు దుర్మార్గం వల్ల కాకుండా ఏదో పొరపాటు వల్ల కూలిపోవడం గురించి. అది తెలియక జరిగిన పని కూడా కావచ్చు. గ్రీకు నాటకంలో ఈడిపస్ రాజు దారిలో గొడవపడి చంపినవాడు తన తండ్రి అని అతనికి తెలియదు. అలాగే నాటకం ఒకే చోట, ఒక్క రోజులో, ఒకే కథగా నడవాలనే స్థలం, కాలం, వస్తువు అనే మూడు ఐక్యతలూ అరిస్టాటిల్ నెత్తిన వేస్తారు. ఆయన గట్టిగా చెప్పింది వస్త్వైక్యం ఒక్కటే. కాలం గురించి ఒక మాట అని వదిలేశాడు, స్థలం సంగతి 16వ శతాబ్దపు ఇటలీ విమర్శకులు తగిలించారు.

అమీర్‌పేట అర్ధరాత్రి:

డ్రమాటిక్ ఐరనీకి తెలుగులో ఏమంటారు? పతాకాస్థానకం అని ఎక్కడో చదివాను.

చిక్కడపల్లి శ్రోత:

దగ్గరి చుట్టమే గానీ అదే మనిషి కాదండీ. పాత్రకి తెలియని సంగతి ప్రేక్షకుడికి తెలిసి ఉండటం డ్రమాటిక్ ఐరనీ. అక్క చెప్పిన ఈడిపస్సే రాజుని చంపినవాడెవడో పట్టుకుని తీరతానని శపథం చేస్తాడు, హంతకుడు తనేనని మనకి తెలుసు. అది నాటకం పొడుగునా నడుస్తుంది. పతాకాస్థానకం ఒక్క క్షణంలో పేలుతుంది. ఒకరు ఏదో ఉద్దేశంతో అన్న మాటకి ఇంకోటి వచ్చి తగిలి, రాబోయేదాన్ని చెప్పేస్తుంది.

నాకు దీనికి వేణీసంహారం అనే సంస్కృత నాటకం రెండో అంకాన్ని మించిన ఉదాహరణ కనపడలేదు. దుర్యోధనుడు భార్య భానుమతితో సరసంగా ఉంటూ, కూర్చోవడానికి నా తొడలు చాలవా అంటాడు. సరిగ్గా అప్పుడు కంచుకి, అంటే అంతఃపురం సేవకుడు, పరుగెత్తుకొచ్చి "విరిగింది దేవా, విరిగింది" అంటాడు. ఎవరి చేత అని అడిగితే "భీముడి చేత" అంటాడు. రాజు మండిపడతాడు. తీరా చూస్తే భీమమైన, అంటే భయంకరమైన గాలికి రథం మీది జెండా విరిగిందని అతని కబురు! భారతం తెలిసిన ప్రేక్షకుడికి ఆ రెండు మాటలు చాలు. 14వ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పతాకాస్థానకానికి ఈ ఘట్టాన్నే చూపించాడు.

కూకట్‌పల్లి కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. సింహాసనం మీద కండువా సర్దుకునే సంగతి మా దుర్యోధనుడికి ఫార్వర్డ్ చేశాను, సీరియస్ అయ్యాడు. ఇంకో రెండు చిన్న సందేహాలు. ఆకాశభాషితం అంటే ఆకాశవాణి మాటలేనా? రెండోది, "చెల్లియొ" పద్యాన్ని గణాలుగా విడదీసి చూపిస్తారా ఎవరైనా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియట్లేదు. కృష్ణుడు వేసే అన్న ఆరోజు రాకపోతే నేనే వేయాలట.

బ్లాంక్‌వర్స్ అక్క:

ఆకాశవాణి కాదు. స్టేజీ మీద లేని మనిషితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, "ఏమంటున్నావూ?" అని వాళ్ల మాట కూడా తనే చెప్పి జవాబివ్వడం. మెట్రోలో చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నవాడి పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలా. సంస్కృతంలో దశరూపకాలని పది రకాల నాటకాలు చెప్తారు, వాటిలో భాణం అనేది మొదటి నుంచి చివరిదాకా ఇలా ఒకే నటుడితో నడుస్తుంది. మన ఏకపాత్రాభినయాల్లోనూ ఈ కిటుకు బాగా వాడతారు.

హార్మోనియం పెట్టె:

గణాల సంగతి నేను చెప్తా. ఈ పద్యం రాసిన తిరుపతి వేంకట కవుల నాటకాలకి నేను వాయిస్తుంటాను.

అది ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ. మొదటి పాదం "చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందఱున్". విడదీస్తే: చెల్లియొ (భ), చెల్లకో (ర), తమకు (న), జేసిన (భ), యెగ్గులు (భ), సైచిరం (ర), దఱున్ (వ). అదృష్టం ఏంటంటే ఈ పాదంలో గణం విరిగే చోటే దాదాపు మాటా విరిగింది, అందుకే నోటికి అంత తేలిగ్గా పట్టుకుంటుంది. పదో అక్షరం దగ్గర యతి, మొదటి "చె"కి "జే" కుదిరింది. ప్రాస రెండో అక్షరం, "ల్ల". మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం అదే చూస్తారు.

పాడేటప్పుడు అందరూ "చెల్లియో" అని సాగదీస్తారు, తప్పేం లేదు, గణం వేసేటప్పుడు మాత్రం "యొ" పొట్టిదే, లేకపోతే భగణం పోతుంది. యతి దగ్గర ఊపిరి తీసుకోవాలని కొందరు నేర్పుతారు. నేనైతే వద్దంటాను. "తమకు" దగ్గర ఆగితే అర్థం ముక్కలవుతుంది. ఊపిరి అర్థాన్ని బట్టి తీసుకోండి, "సైచిరందఱున్" అయ్యాక ఒకటి, రెండో పాదంలో "తొల్లి గతించె" తర్వాత ఒకటి. ఆ రెండో చోట నేను శ్రుతి మీద నిలబడతాను, మీకు కావలసినంత సమయం ఉంటుంది. రాగం మొదటి రిహార్సల్లోనే తీయకండి. ముందు వచనంలాగా, దుర్యోధనుడి మొహం చూస్తూ నాలుగైదుసార్లు చెప్పండి, ఆ తర్వాత మైకు వైపు తిరగండి.

కూకట్‌పల్లి కుర్రాడు:

రాగం ఎంతసేపు తీయొచ్చు? మా హార్మోనియం ఆయన "వన్స్ మోర్ వచ్చేదాకా" అంటున్నాడు.

హార్మోనియం పెట్టె:

కొత్తవాడివి, ఆయన మాట వినకు బాబూ. చివర "కౌరవేశ్వరా" దగ్గర ఒక్కచోట తీయి, మిగతా చోట్ల మాట వినపడనీ.